కట్ట కావలి గరిటె

ఫ్రీస్‌లాండు తీరాన, సముద్రాన్ని ఆపే మట్టికట్ట నీడలో కావలివాళ్ల ఇల్లు ఒకటుంది. తుపానుల కాలంలో వాళ్లకు వండిపెట్టే మనిషి చేతికి ఒక పొడవాటి చెక్క గరిటె అప్పగించడం అక్కడి ఆనవాయితీ. ఏటా నవంబరులో, తొలి గడ్డమంచు పడిన వారం, అది ఎవరికి దక్కాలో కావలివాళ్లే తేలుస్తారు. చాలా ఏళ్లుగా అది వీబ్రెన్‌దే. ఈ ఏడు పొరుగింటి యెల్టియ కూడా అడిగింది. అడిగి ఊరుకోలేదు, కేల్ ఆకు, బంగాళాదుంపలు కలిపి మెదిపిన స్టంపాట్ కుండను పొయ్యి మీదికెక్కించి పక్కనే నిలబడింది.

వీబ్రెన్ కుండ తేలేదు, కథ తెచ్చాడు. గరిటె పోతే ఊళ్లో తన పేరుకున్న బరువూ పోతుందని ఆయనకు తెలుసు. అందుకే మూత తీయకముందే గొంతు సవరించుకున్నాడు.

"వంట అందరూ చేస్తారయ్యా. మా ఆవిడ ఆన్కె చేయదూ? కానీ తుపానులో వండడం వేరు. ఆ సెప్టెంబరు గాలివాన గుర్తుందా మీకు? కొత్త దుంపలు అప్పుడే తవ్వి తెచ్చాను, ఒక్క బస్తా. కావలివాళ్లందరికీ కడుపునిండా పెట్టాను."

ఆ తుపాను ఏ సంవత్సరానిదో ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ తీరంలో తుపానులకు కొదవ లేదు గనుక ఎవరూ అడగనూ లేదు.

"ఒక్క బస్తాతోనా?" అన్నాడు కావలివాళ్లలో చిన్నవాడు రెమ్మెర్ట్.

"అదేరా చేతి మహిమ! పక్క ఊళ్లవాళ్లూ వచ్చారు, వాళ్లకీ పెట్టాను, కుండ తరగలేదు. ఇంతలో ఏమైందనుకున్నావ్? కట్టకు చిల్లి! నీళ్లు బుసకొడుతూ లోపలికొస్తున్నాయి. వీళ్లంతా మట్టి, మట్టి అని అరుస్తున్నారు. మట్టెందుకు, నేనుండగా? గరిటెతో ఇంత స్టంపాట్ ముద్ద తీసి చిల్లి మీద చరిచాను. అతుక్కుపోయింది! సముద్రం వచ్చి తల బాదుకుంటోంది, నా ముద్ద చెక్కుచెదరలేదు."

"ఉప్పు సరిపోయిందా, బాబాయ్?" అంది యెల్టియ.

"సముద్రమే వేసిందమ్మా, నేను వేయలా! విను. ఆ వాసనకి హెర్రింగు చేపల పడవలన్నీ దారి తప్పి ఇటొచ్చాయి. ఒకడు లంగరు విసిరితే నా ముద్దలో దిగింది, లాగితే రాదే! అంతలో బయటివైపు నుంచి ఎవరో నాకుతున్న చప్పుడు. తొంగిచూశాను. తిమింగలం! కళ్లు మూసుకుని, పిల్లి పాలు తాగినట్టు నాకుతోంది. ఒరేయ్, కట్ట తినేస్తావా అని గరిటెతో మూతి మీద ఒక్కటిచ్చాను. అది సిగ్గుపడి వెనక్కి తిరిగింది చూడు, ఆ తోక విసురుకి సముద్రమే కొంత వెనక్కి జరిగింది. ఆ జరిగిన చోటే ఇవాళ మీ ఆవులు మేస్తున్న నేల. కావాలంటే చూడండి, ఆ కట్ట మీద గొర్రెలు ఈనాటికీ గడ్డి మేయవు, మట్టి నాకుతాయి!"

కావలివాళ్లు బల్లలు చరిచారు. వీబ్రెన్ ఛాతీ పొంగింది. గరిటె మళ్లీ తనదేనని ఆయనకు తోచింది. ఆ ఊపులో ఇంకొక్క మాట జోడించాడు.

"తిమింగలం తప్పేముందిలే. ఆ పొద్దున్నే పెరట్లో కోసిన కేల్ ఆకు మరి. తేనె! అంత తియ్యన!"

అప్పటిదాకా నోట్లోంచి పైపు తీయని కావలి పెద్ద ఓబె, దాన్ని మెల్లగా తీశాడు.

"ఏ నెలన్నావ్, వీబ్రెన్?"

"సెప్టెంబరు."

"సెప్టెంబరులో గడ్డమంచు ఎక్కడిది?"

గడ్డమంచు తగలని కేల్ ఆకు చేదని, దాన్ని కోసే వంటవాడు వంటవాడే కాడని అక్కడ పసిపిల్లలకూ తెలుసు.

"తిమింగలాన్ని మింగాం, పడవల్నీ మింగాం," అన్నాడు ఓబె. "ఈ ఆకు మాత్రం గొంతు దిగడం లేదయ్యా."

ఇల్లంతా నవ్వులతో ఊగిపోయింది. ఆ ఏడు మంచు ముందే పడిందనడం వీబ్రెన్‌కు ఎంతసేపు? నోరు తెరిచాడు కూడా. కానీ సముద్రం గురించి ఎన్ని కోతలైనా కోయగల ఆ మనిషికి ఆకు గురించి ఒక్క అబద్ధం రాలేదు.

యెల్టియ పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. ఆయన అలవాటుగా ముద్ద నడుమ చెంచాతో గుంట చేసి, మాంసం రసం అంచుదాకా పోశాడు. గట్టు తెగలేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొన్నటి మంచు తిన్న ఆకు, తియ్యగా ఉంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

ఆ తర్వాత లేచి, గోడమీది గరిటె తీసి తన చేత్తోనే యెల్టియకు ఇచ్చాడు. ఇచ్చి, మీసం దువ్వుకుంటూ అందరివైపూ తిరిగాడు.

"ఇంతకీ ఈ పిల్లకి ఈ వంట నేర్పిందెవరనుకున్నారు? మా ఇంట్లో, మా పొయ్యి దగ్గర..."

"ఆన్కె పిన్ని," అంది యెల్టియ, గరిటె తుడుచుకుంటూ. "నువ్వప్పుడు వీధిలో తిమింగలం కథ చెబుతున్నావ్, బాబాయ్."