ఆదాం మేస్త్రీ నాలుక

రా సలీమూ, రా. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుద్ది, ఈ మంచం మీద కూర్చో. చెప్పులు గోడవారగా విడువు, దారికడ్డం కాదు. ఆఁ, అట్టా. వేటపాలెం నుంచి బస్సులోనే వచ్చావా? మీ నాన్న పెళ్ళికి ఊరంతా వెళ్ళింది, నన్ను మాత్రం పిలవలా. అది నేను మర్చిపోలేదు. సరే, అది వేరే సంగతి. నిన్ను పిలిపించింది మీ తాత గురించి. నీకు ఆదాం మేస్త్రీ అంటే గోడ మీద ఫోటో. ఆయన పోయేటప్పటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. ఈ చిలకలూరిపేట నుంచి మిమ్మల్ని తరిమింది కారు పిచ్చయ్యేనని, అంటే నేనేనని మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు. చెప్పాడా? చెప్పుంటాడ్లే, తల దించుకోమాకు. నిజమేగా. మూడు రోజులైంది. ముద్ద నోట్లోకి పోవట్లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇట్టాంటిది వినాల్సొస్తదని కల్లోనైనా అనుకోలేదురా నేను.

మొన్న మంగళారం. మా కూతురి కొడుకు త్రినాథ్ లేడూ, వాడు ఎవరి దగ్గరో పాత పెట్రోలు కారు కొన్నాడు. పొద్దున్నే స్టార్టు చేస్తే టిక్ టిక్ టిక్ టిక్ అని బల్లి అరిచినట్టు చప్పుడు. పది నిమిషాలు తిరిగితే ఆ చప్పుడు ఉండదు. 'తాతయ్యా, నువ్వు కార్లు తోలినోడివిగా, ఏందిది?' అన్నాడు. నేను ఈ అరుగు మీంచి లేవను కూడా లేవలా. 'టాపెట్‌రా. ఇంజిన్‌లో వాల్వుని నొక్కే ముక్క వదులై కొట్టుకుంటంది. ఏం కాదు, తోలుకో' అన్నా. లేవలేదురా! లేచి బానెట్ ఎత్తితే నా పరువేం పోయేది? వాడు పెళ్ళాం భవ్యని ఎక్కించుకుని గుంటూరు బయల్దేరాడు. ఇప్పుడు మిరపకాయల రోజులుగదా, దారి పొడుగూతా కల్లాలే, ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. అద్దాలెత్తి ఏసీ పెట్టుకున్నారు. యడ్లపాడు దాటాక భవ్య తలనొప్పంది, వాంతి చేసుకుంది. వాడికీ తల దిమ్మెక్కిందంట. వాడు నాకే ఫోన్ చేశాడు. నేనేమన్నానో తెలుసా? 'ఘాటురా అది. నోట్లో బెల్లం ముక్క వేసుకోమను. అద్దాలు దించమాకండి, ఘాటు ఇంకా కొడతది' అన్నా. ఈ నోటితోనే అన్నా. గుంటూరు పొలిమేరకి చేరేసరికి పిల్ల మెడ వాలిపోయింది.

దేవుడి దయ, ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది. ఆక్సిజన్ పెట్టారు. నేను ఆటో కట్టించుకుని పోయేసరికి లేచి కూర్చుంది, మొహం కడిగిన పళ్ళెంలాగా ఉంది. అక్కడొక డాక్టరమ్మ, చిన్న పిల్ల, మా మనవరాలంత ఉంటది. 'కారు పొగ రక్తంలోకి ఎక్కింది తాతగారూ' అంది. 'పొగేందమ్మా, కారులో పొగే లేదు. మిరపఘాటు, మా ప్రాంతంలో మామూలే' అన్నా నేను పెద్దమనిషిలాగా. ఆ పిల్ల నవ్వలేదు. 'ఆ పొగలో మనిషిని చంపే గ్యాసుకి రంగుండదు, వాసనుండదు. తల నొప్పి పుడతది, కడుపులో తిప్పుద్ది, నిద్ర ముంచుకొస్తది, ఆ నిద్రలోనే పోతారు. పైగా ఘాటని అద్దాలెత్తేస్తారు మీరు' అంది. నిద్ర అంది. ఆ ఒక్క మాటకి గోడ పట్టుకుని అక్కడే చతికిలబడ్డా. అందరూ భవ్య కోసం ఏడుస్తన్నాననుకున్నారు.

ఎందుకు పడ్డానో తెలియాలంటే మీ తాత పని చేసే తీరు నీకు తెలియాలి. లారీ స్టాండు వెనకాల రేకుల షెడ్డు. కారు లోపలికి పోతే ముందు బానెట్ ఎత్తడు. 'ఆపమాక, అట్టానే ఉండనీ' అని కళ్ళు మూసుకుని నిలబడతాడు, వంటలో ఉప్పు చూసే ఆడమనిషిలాగా. తర్వాత మూరెడు స్క్రూడ్రైవరు ఇంజిన్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఊదొత్తి వెలిగిస్తాడు. మేం నవ్వేవాళ్ళం. 'మేస్త్రీ ఇంజిన్‌కి పూజ మొదలెట్టాడ్రోయ్, కొబ్బరికాయ తెండి' అని. ఆయన కాదనేవాడు కాదు. భక్తి అనుకున్నారు ఊరంతా. భక్తి కాదురా నాయనా! ఆ ఊదొత్తిని పైపుల అతుకుల దగ్గర మెల్లగా తిప్పేవాడు. పొగ నిలువుగా లేస్తే అతుకు బాగున్నట్టు. ఎక్కడైనా పొగ టప్పున పక్కకి ఎగిరిందా, అక్కడ చిల్లున్నట్టు. నాకు చదువు రాదు, కారు నంబర్లలో అంకెలొచ్చు, బ్యాంకులో సంతకం గీసుకుంటా, అంతే. మీ తాతకి ఆ సంతకం కూడా రాదు. వేలిముద్రే. కానీ ఇంజిన్ మాత్రం మీ తాతతో అబద్ధమాడేది కాదు.

ముప్పై రెండేళ్ళ కిందట, శివరాత్రి ముందు మంగళారం. నాదప్పుడు సొంత కారు, తెల్లది, పెట్రోలుది. అద్దంలాగా పెట్టేవాణ్ణి. సీటు కవర్లు తెల్ల గుడ్డవి, మా ఆవిడ శివపార్వతి వారం వారం ఉతికి నీలిమందు పెట్టేది. దానికి కూడా ఇదే చప్పుడు. టిక్ టిక్ టిక్. 'టాపెట్ సర్దు మేస్త్రీ' అన్నా. షెడ్డులో పదిమంది డ్రైవర్లున్నారు. మీ తాత విన్నాడు, ఊదొత్తి తిప్పాడు. 'టాపెట్ కాదు పిచ్చయ్యన్నా. టాపెట్ అయితే వేడెక్కినా కొట్టుకుంటానే ఉంటది. ఇది చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కితే ఆగుతంది. వేడికి ఇనుము ఉబ్బి చీలిక మూసుకుంటంది, అందుకు. మూసుకున్నా సందు ఉంటానే ఉంటది. పొగ గొట్టం మొదట్లోనే చిట్లింది. నీ కాళ్ళ కింద రేకు చూడు, తుప్పుకి జల్లెడైంది. మూడు రోజులు కారు ఇక్కడే వదిలెయ్' అన్నాడు. పదిమందిలో నన్ను కాదన్నాడు! ఇరవై ఏళ్ళు స్టీరింగ్ పట్టినోణ్ణి! 'పొగకి భయపడేవాడు ఈ నేల మీద ఉంటాడా? పొగాకు కాల్చే బేరన్ కొట్టాల్లో పుట్టి పెరిగినోళ్ళం' అన్నా. అప్పుడు మీ తాత ఆ మాటన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు. 'అన్నా, ఈ కారులో ప్రాణమున్నోళ్ళని ఎక్కించమాక. ఎక్కిన మనిషి దిగడు.' నేను చెయ్యి విదిలించుకుని కారు తీసుకొచ్చేశా.

నీళ్ళు ఇటియ్యి. గ్లాసు నిండా పోయి, సగం గ్లాసు ఇస్తే నాకు నచ్చదు.

శివరాత్రినాడు తెల్లారగట్ల అమరావతి పోయాం, అమరేశ్వరుడి దర్శనానికి. పార్వతి ఉపవాసం. పోయేటప్పుడు చల్లగాలి కదా అని అద్దాలు కాస్త దించే ఉన్నాయి, ఏం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎండెక్కింది. గుంటూరు మిర్చి యార్డు దాటాక దారంతా మిరపకాయలే, బళ్ళు, లారీలు, దుమ్ము ఎర్రగా లేస్తంది. అద్దాలెత్తేశాం. నా వైపుది మాత్రం నాలుగు వేళ్ళు దించుకున్నా, కిళ్ళీ ఊయడానికి. పార్వతి వెనక సీట్లో పడుకుంది. 'ఏమయ్యా, తల పగిలిపోతంది' అంది. ఉపవాసమే అన్నా. ఇంకాసేపటికి, 'కడుపులో తిప్పుతంది, అద్దం దించయ్యా' అంది.

ఇది ఎవరికీ చెప్పలా సలీమూ. మా కూతురికి చెప్పలా. దించనివ్వలేదు నేను. ఎందుకో తెలుసా? ఘాటు కొడతదని కాదు. పైకి ఘాటన్నా. తెల్ల కవర్లు ఎర్రబడతాయని. నిన్ననే ఉతికావు, మళ్ళీ నువ్వే ఉతుక్కోవాల అన్నా. 'సర్లే' అంది. అదే ఆఖరి మాట. నిద్రపోయింది. పోనీలే, ఉపవాసం మనిషి, పడుకోనీ అని నెమ్మదిగా తోలా, గుంటల్లో కుదుపు రాకుండా. అంత జాగ్రత్తగా నేనెప్పుడూ తోలలేదురా. ఇంటి ముందు ఆపి, 'లే, ఊరొచ్చింది' అంటే లేవలా. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పెళ్ళికూతురిలాగా. ఆచారి డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు. ఉపవాసం, ఎండ, ఘాటు, అన్నీ కలిశాయన్నాడు. శివరాత్రినాడు పోయిన పుణ్యవతి అన్నారు ఆడాళ్ళు.

నాకు మటుకు మీ తాత మాటే చెవుల్లో. ఎక్కిన మనిషి దిగడు. ఎవడన్నా అంటాడా అట్టాంటి మాట? మూడో రోజున బస్టాండు టీ బంకు దగ్గర అనేశా. 'మేస్త్రీ నాలుక మీద మచ్చ ఉంది. వాడు ఏదంటే అది జరుగుద్ది. నా ఇల్లాలిని వాడి నోరే మింగింది' అని. మచ్చ చూశానా? చూడలా. ఇరవై ఏళ్ళలో ఆయన నాలుకే చూడలా నేను. అన్నా, అంతే. మరి ఊరు ఎట్టాంటిదనుకున్నావు! ఒకడు లేచి, 'అవును, నా గేరుబాక్సు నెల తిరక్కముందే పోతదన్నాడు, పోయింది' అన్నాడు. ఇంకొకడు, 'నా బ్రేకులు ఆగవన్నాడు, ఆగలా' అన్నాడు. చూడు, మేస్త్రీ పనే అదిగదా! పోతదని చెప్పడమేగా ఆయన విద్య! ఆయన చెప్పింది జరిగితే విద్య అనాలా, శాపం అనాలా? ఆ రోజు ఒక్కడికీ తట్టలా. నాకు ముప్పై రెండేళ్ళు తట్టలా.

తర్వాత కార్లు తగ్గాయి. వచ్చినోళ్ళు కూడా, 'మేస్త్రీ, నోరు తెరవమాకు, చేతుల్తో బాగుచెయ్' అనేవాళ్ళు. మీ తాత నోరు మూసుకునే పని చేశాడు. ఏది చెడిందో చెప్పకుండా సుద్దముక్కతో గీత పెట్టి చూపించేవాడు. కొన్నాళ్ళకి ఆ గీతన్నా భయమే జనానికి. 'గీత పెట్టించుకోమాకండ్రోయ్' అని నవ్వేవాళ్ళు, నేనూ నవ్వా. ఏడాది తిరిగేసరికి షెడ్డు పీకేసి వేటపాలెం పోయాడు, జీడిపప్పు కార్ఖానాలో బాయిలరు చూసుకునే పనికి. నా కారంటావా? నేను మళ్ళీ అందులో కూర్చోలేకపోయా, పాత ఇనుము వాడికి ఇచ్చేశా.

ఒక్కటే నాకు ఈ మూడు రోజులుగా అర్థంకావట్లా. అంత జరుగుతుంటే మనిషి నోరు విప్పడేంది? బజాట్లోకొచ్చి, 'ఓరి పిచ్చిగా, శాపం కాదురా, నీ కారు గొట్టం పగిలింది, నే ముందే చెప్పా, నువ్వే వినలా' అని అరవొచ్చుగా? పదిమంది సాక్ష్యం ఉందిగా షెడ్డులో? అరవలా. పెద్దకర్మ రోజు మాత్రం మా పందిరి దాకా వచ్చాడు. వచ్చి, నా వంక చూసి, గుమ్మం తొక్కకుండానే తిరిగిపోయాడు. 'చూశారా, తప్పు చేసినోడికి మొహం చెల్లలా' అని దాన్ని కూడా ఊరంతా చెప్పుకున్నా.

ఇప్పుడు అదే బంకు దగ్గర నిలబడి తప్పు నాదిరా అని చెబుదామని నిన్న పోయా. ఎవరికి చెప్పను? బంకు లేదు. ఆ రోజు విన్నోళ్ళలో ఒక్కడూ మిగల్లా. అన్నోణ్ణి నేనొక్కణ్ణే ఉన్నా. మీ నాన్నమ్మ ఉందిగా, జోహరాబీ, ఆవిడకి చెప్పాల. కాళ్ళు పట్టుకోను, నాకు చాతకాదు. ఎదురుగా నిలబడి చెప్తా. రేపు నీతో బస్సెక్కుతా... ఏందీ? ఇప్పుడే ఫోనా? వద్దొద్దు, ఎదురుగా చెప్పే మాట... ఒరేయ్, ఆగు! కలిపేశావా? ఇటియ్యి. ఎటు పట్టుకోవాల్రా దీన్ని?

జోహరమ్మా... నేను, పిచ్చయ్యని. కారు పిచ్చయ్యని. ఆఁ, బతికే ఉన్నా. నీ మనవడు ఇక్కడే ఉన్నాడు, మజ్జిగ తాగాడు. అమ్మా, ఒక మాట చెప్పాల, మధ్యలో ఆపమాకు. మేస్త్రీ నాలుక మీద మచ్చ లేదు. అది నేను పుట్టించిన మాట. పార్వతి పోయింది నా కారు పొగ వల్ల. మేస్త్రీ ముందే చెప్పాడు, నేనే... ఏందమ్మా? తెలుసా? నీకెట్టా తెలుసు? ... మేస్త్రీ చెప్పాడా? ఎప్పుడు? ... పార్వతి పోయిన రోజునేనా? బుగ్గలు ఎర్రగా ఉన్నాయంటే, అది కారు పొగేనని అప్పుడే అన్నాడా? ... మరి నాకెందుకు చెప్పలేదమ్మా? బజారంతా అంత మాటంటుంటే... పెద్దకర్మకి వచ్చింది అందుకేనా? నాకు చెప్పేద్దామనా? ... నా మొహం చూశాడా. ఆఁ. చూసి? ... ఇంటికొచ్చి ఏమన్నాడు? మళ్ళీ చెప్పమ్మా. ... 'చెబితే తన చేతుల్తోనే చంపుకున్నానని ఆ మనిషికి తెలిసిపోద్ది. ఇంక బతకడు. నన్ననుకోనీలే' అన్నాడా? ... షెడ్డు పోయినా? ... నీకు ఒట్టేసి... ఎవరికీ చెప్పొద్దని...

...

ఇందా సలీమూ, తీసుకో. మీ నాన్నమ్మ ఏదో అంటంది, నాకేం వినపడలా. ఇక్కడ సిగ్నలుండదు. నువ్వే మాట్లాడు. ఆఖరి బస్సు ఆరింటికి, చీరాల మీదగా పోద్ది. పొద్దుపోతంది, నువ్వొక్కడివే బయల్దేరు.