మూతి ఒకటే, గొంతు వేరు

సన్నగొంతు కూజాలోన ఏరు పట్టునా చెల్లెలా, పట్టకుంటే ఏటి తప్పా, కూజా తప్పా... ఆ పైన ఇంకేదో ఉంది, నోటికి రావడం లేదు. మా అమ్మ నీళ్ళు మోస్తూ పాడేది. నాలో నేను పాడుకుంటున్నాన్లెండి, మీరు ఉలిక్కిపడక్కర్లేదు. కాస్త జరగండి బాబూ. ఈ బెంచీ కూడా మీ సంతకంతోనే వచ్చిందా ఏమిటి?

లోపల నా మనవరాలిని నిలబెట్టి అడుగుతున్నారు. తలుపు సందులోంచి దాని గొంతు వినపడుతోంది. మీకు వినపడదు. ఫోను చూసుకోండి, చూసుకుంటూనే వినండి. దాని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ మధ్యాహ్నంతో తేలిపోతుందట. ఆస్పత్రి లైను పాడుచేసింది అదేనని రాసిచ్చింది మీరేగా? పై అధికారులు. మీ మాటకు ఎదురేముంది.

ఈ ముసలిదానికేం తెలుసులే అనుకుంటున్నారు కదూ. నిజమే, అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం మా పిల్ల అన్నం తింటూ, కంచం పక్కన రెండు గ్లాసులు పెట్టి మరీ చెప్పింది.

ఆస్పత్రి పాత భవనానికీ కొత్త భవనానికీ మధ్య టెలిఫోనువాళ్ళు అద్దెకిచ్చిన లైను ఉంటుందట. లీజు లైను. పాతది సెకనుకి నూట ఇరవై ఎనిమిది కిలోబిట్లు. కొత్తగా తెప్పించింది రెండు మెగాబిట్లు, అంటే పదహారింతలు. ఆ లైను చివర రౌటర్ అనే పెట్టె, పెట్టెలో ఓ కార్డు, కార్డుకి సీరియల్ సాకెట్టు. లైను ఎంత జోరుగా తోస్తే సాకెట్టు అంత జోరుగా మింగాలి. మీ పెట్టెలో ఉన్న కార్డు నూట ఇరవై ఎనిమిది దాటితే మింగలేదు. పెద్దది వేరే తెప్పించాలి.

చిక్కల్లా ఏమిటంటే రెండు కార్డుల మూతీ ఒకటే. అదే కేబులు, అవే మరలు. దేంట్లో పెట్టినా చక్కగా కూర్చుంటుంది. మూతి ఒకటే, గొంతు వేరు. నాకే అర్థమైందే, ఇన్ని చదువులు చదివిన మీకెందుకు కాలేదా అని ఎన్ని రోజులు ఆశ్చర్యపోయానో.

ఎందుకు కాలేదూ, అయ్యే చేశారు. పెద్ద కార్డు వచ్చేదాకా కొత్త లైను తగిలించొద్దని పిల్ల కాగితం రాసి మీ ఆఫీసులో ఇచ్చింది. మీకేమో ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది. పిల్ల డ్యూటీ దిగి ఇంటికెళ్ళిన పూట చూసి, పట్టింది కదా ఇంకేం అంటూ మీ చేత్తో మీరే పాత కార్డుకి బిగించారు. ఆ గది తాళం తీసినవాడు చూశాడు. నోరు విప్పడు, పాపం మీ కింద బతకాలి.

రిబ్బను కత్తిరించి ఫొటో దిగారు. ఆ తరవాత పదకొండు రోజులు లైను లేవడం, పడడం, లేవడం, పడడం. తుంటి విరిగిన ఒకావిడ ఎక్స్‌రే బొమ్మ ఆ లైను మీద నడుందాకా వచ్చి ఆగిపోయిందట. కింది సగం కోసం ఆవిడ పొద్దుటినుంచి సాయంత్రందాకా స్ట్రెచరు మీదే ఉంది. అప్పుడు కదా మీకు మా పిల్ల గుర్తొచ్చింది. చూసుకోకుండా తగిలించింది అదేనన్నారు. కాగితమా, అలాంటిదేదీ నాకు అందలేదన్నారు.

ఈ సంచీలో ఏముందో తెలుసా? నా కాపీ పుస్తకం. అబ్బే, చెయ్యి చాపకండి, అక్కణ్ణుంచే చూడండి.

నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. పాఠాలు చెప్పే తీరిక దానికెక్కడిది? ఆఫీసు కాగితం ఏది చేతికి దొరికితే అది నా ముందు పడేసి, చూసి రాయి అమ్మమ్మా అనేది. మీకిచ్చిన కాగితం నకలు, మీ ఆఫీసు ముద్ర పడి తిరిగొచ్చింది చూడండి, అదీ రాశాను. ఏది అక్షరమో ఏది గీతో అప్పటికి నాకు తెలిస్తేగా? అన్నీ దించాను. మందుసీసా మూత బోర్లించి ముద్ర గుండ్రంగా గీశాను. లోపల తేదీ, దాని కింద నాలుగు వందల పన్నెండు. ఆ పక్కన వానపాములాంటిదొకటి ఉంటే, ఇదేదో కష్టమైన ఒత్తనుకుని ఏడుసార్లు దిద్దాను. అది మీ సంతకమట. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ఫోను చూడడం లేదే మీరు.

వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, దేని గురించో రాసుకునే లావుపాటి పుస్తకం మీ ఆఫీసులో ఉంటుందటగా. అది ఇప్పుడు లోపల బల్ల మీదే ఉందని గుమాస్తా చెప్పాడు. ఎక్కడ తెరవాలో తెలియాలంతే.

మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు ముసలీ అని మీరు అడగరు. నేనే చెబుతాను. మూడు వారాలుగా ఈ పుస్తకాన్ని నా చీరల అడుగున దాచాను. ఇది బయటికి తీస్తే, అసలు కాగితం ఏదీ అన్న మాట వస్తుంది కదా.

మీరు మా ఇంటికొచ్చిన రోజు పిల్ల లేదు. దాని మేలు కోరే వచ్చానన్నారు. ఆ ఒక్క కాగితం దొరికితే గొడవ అక్కడితో ముగిసిపోతుందన్నారు. నేను బీరువా తెరిచి, కట్ట విప్పి, ఒక్కొక్కటీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ, సీరియల్ అన్న ముక్క కనపడగానే ఇదే ఇదే అని మురిసిపోయి మీ చేతిలో పెట్టాను. నా జన్మలో చదివి వెతికి తీసిన మొదటి కాగితం అది.

పిల్ల ఇప్పటికీ వెతుకుతోంది. మంచం కింద, అటక మీద. ఎక్కడ పారేసుకున్నానో అని తన్ను తానే తిట్టుకుంటోంది. దాంతోపాటు నేనూ వంగి వెతికాను బాబూ. అన్నీ తెలిసి, వంగి వెతికాను.

తలుపు తీస్తున్నట్టున్నారు. ముందు నంబరు చెబుతాను. ఆ తరవాత దాని మొహం చూస్తూ మిగతాదీ చెబుతాను. మళ్ళీ నన్ను అమ్మమ్మా అని పిలుస్తుందో లేదో, దాని ఇష్టం.

మీరిక లోపల ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. ఆ రోజు మా గుమ్మంలో కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, చెప్పులు తొడుక్కుంటూ మీరన్న మాట చాలు.

"ఇంట్లో చదువొచ్చిన పెద్దవాళ్ళుంటే ఎంత సుఖమండీ, మామ్మగారూ."