గండయ్య పుట్టిని గుంజుకపోయిన చేప

మూడేండ్లు వానల్లేక శామీర్‌పేట చెరువు నెర్రెలిచ్చిన ఏడు, గండయ్య చేపలు పట్టే తన గుండ్రటి పుట్టినీ వలలనూ వ్యానుకెక్కించి, పెండ్లాం యాదవ్వనూ తొమ్మిదేండ్ల బిడ్డ రోజారాణినీ వెంటబెట్టుకుని మంజీర ఒడ్డుకు పోయాడు. అక్కడ చేప తగ్గగానే గోదారి పట్టాడు. ఒక రేవులో నెల, ఇంకో రేవులో రెండు నెలలు, ఇట్లా ముగ్గురూ పది నెలలు తిరిగారు. మన చెరువు నిండిందని కబురు తెలిసి, నిన్న సాయంత్రం కరీంనగర్ బస్సులో వచ్చి దిగారు.

తెల్లారేసరికి గండయ్య కట్ట కింద జనార్ధన్ చాయ్ బండి ముందర, బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చుట్టూ అయిదారుగురు చేరారు.

యాదవ్వ ఆ పక్కనే, చేపలమ్మే రుక్కమ్మ గంప దగ్గర కూర్చుంది. పెద్ద జ్వరం పడి లేచిన మనిషి. మెడ ఎముకలు ఇంకా పైకే కనిపిస్తున్నాయి. రోజారాణి ఆమె ఒడిలో వాలి బన్ను తింటున్నది.

"నేనేం గొప్పలు చెప్తలేను. మామూలు చేపనే పడ్డది," అని మొదలుపెట్టాడు గండయ్య. "వాలుగ. ఇరవై కిలోలుంటదేమో."

"ఇరవై కిలోలు మామూలా అన్నా?" అన్నాడు జనార్ధన్.

"గోదారిల గది పసిపిల్ల లెక్క."

"అది సరేగని, పుట్టి ఏది? నిన్న మీరు బస్సు దిగంగ సూసిన, సంచులే ఉన్నయి."

యాదవ్వ జవాబు చెప్పబోయింది. పుట్టిని గోదారి రేవులో తెలిసినాయన దగ్గర పెట్టి వచ్చామని, వ్యాను దొరికినప్పుడు తెచ్చుకుందామని మొగుడు ఆమెతో చెప్పాడు. ఆమె నోరు తెరిచేలోగానే గండయ్య అందుకున్నాడు.

"గదే కదరా చెప్తున్న, ఇను. గా పిల్లచేపను పట్టిన్నో లేదో, దాని తల్లొచ్చింది. కన్ను ఒక్కొక్కటి నీ చాయ్ గిన్నె మూతంత, కాదు కాదు, లారీ లైటంత! వల నోట్ల కరుసుకుని ఎదురెక్కింది. నేను ఇడుస్తనా? తాడు నడుముకు కట్టుకున్న. పుట్టి గిర్రగిర్ర తిరుక్కుంట పోతాంది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఒడ్డు మీదోళ్లు దేవుని రథం అనుకుని కొబ్బరికాయలు కొట్టబట్టిరి. మా యాదవ్వ పుట్టిలనే పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది ఒక జిల్లాల, గంజి వార్చింది ఇంకో జిల్లాల!"

యాదవ్వకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మాట మాటకూ మొగుడు తన దిక్కే చూస్తున్నాడని అప్పుడు గమనించింది. ఆమె నవ్విన కొద్దీ చేప పెరుగుతున్నది.

"నది పక్కకు మలిగింది, చేప మలగలే. సక్కగ సడక్ మీదికెక్కింది. వాన మస్తు కొడ్తాంది, సడకంత నీళ్లే. ఎనుకనుంచి బస్సోడు ఒకటే హారన్. సైడియ్యి అంటడు. నన్నెందుకు అడుగుతవు, చేపనడుగు అన్న. సిద్దిపేటల కండక్టరు దిగొచ్చి టికెట్లు కొట్టిండు. నాకు ఫుల్లు, యాదవ్వకు ఫుల్లు, పిల్లకు ఆఫు. మరి చేపకు? దాని వయసెంత అన్నడు."

"ఎంతనట?" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే.

"చెప్పలే. ఆడచేప కదా!"

బెంచీ కదిలేటట్టు నవ్వారంతా. గండయ్య గొంతు తగ్గించాడు. "ఇగ కట్ట కాడికొచ్చినంక అడిగింది. గండయ్యా, మీ ముగ్గురిని ఇల్లు చేర్పిన, నాకేమిస్తవ్ అన్నది. నీకేం గావాలె తల్లీ అన్న. గా పుట్టియ్యి, నా పిల్లలకు ఉయ్యాల కట్టుకుంట అన్నది. పిల్లలతల్లి అడిగితె కాదంటమా? ఇచ్చిన. గట్ల పోయింది పుట్టి."

యాదవ్వ నవ్వు ఆగిపోయింది. పోయిందంటున్నాడేమిటి?

"అంత అబద్ధం," అన్నది రోజారాణి, నోట్లో బన్ను పెట్టుకునే. "చేపనా ఏందీ! పుట్టిని నాయినే ఇడిచిపెట్టిండు."

"ఏయ్, ఊకో బిడ్డా," అన్నాడు గండయ్య.

పిల్ల ఊరుకోలేదు. "గోదారి పొంగి మా గుడిసెలకొచ్చింది. అమ్మకు జరం, కండ్లు తెరుస్తలేదు. నాయిన ఒక చేత్తోని పుట్టి తాడు పట్టుకున్నడు, ఒక చేత్తోని అమ్మను లేపుతున్నడు. అమ్మ లేస్తలేదు. తాడు ఇడిచిపెట్టి అమ్మను భుజమ్మీద ఏసుకున్నడు. పుట్టి తిరుక్కుంట తిరుక్కుంట పోయింది. నా అంగి పట్టుకో, ఎనుకకు సూడకు అన్నడు. అమ్మకు చెప్పొద్దు అన్నడు..."

అని, నాలుక కరుచుకుంది.

చాయ్ పొంగి స్టవ్వు మీద పడితే జనార్ధన్ ఉలిక్కిపడి మంట తగ్గించాడు. యాదవ్వ ఎంత గుర్తుచేసుకున్నా గుడిసె కప్పు తర్వాత దవాఖానలో తిరుగుతున్న ఫ్యానే కనిపిస్తున్నది. ఆ రెండింటి నడుమ ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఆమె అడగలేదు, మొగుడు చెప్పలేదు.

"నాకెందుకు చెప్పకపోతివి?" అన్నది.

"పానం బాగలేనిదానివి. పుట్టి పోయిందని మనాది పెట్టుకుంటవని."

రుక్కమ్మ గంప మీద ఈగలు తోలుతూ, ఎటో చూస్తూ అన్నది. "మా ఇంటాయన మోకాళ్లు పట్టుకపోయి మంచంల పడ్డడు. మా పుట్టి ఊకెనే బోర్లిచ్చి ఉన్నది. రేపటికెల్లి నువ్వేసుకపో గండా. కొత్తది అల్లుకున్నంక మాది మాకియ్యి."

గండయ్య తలూపాడు.

యాదవ్వ లేచి వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. నలుగురిలో మొగుని పక్కన కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు.

"ఎంత దూరం మోసినవ్?"

అందరూ గండయ్య దిక్కు చూశారు. జనార్ధన్ వడపోసే జాలి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఈ మాటకు కనీసం రెండు జిల్లాలన్నా దాటుతాడనుకున్నాడు.

గండయ్య చేతిలోని గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"ఎంత... గీ బండి కాడికెల్లి గా సైకిల్ దుకాణం దాక."

"కాదమ్మా," అన్నది రోజారాణి. "నడుమల రెండు ఊర్లొచ్చినయి. మేం పొద్దుగాల బయలెల్లినం. దవాఖాన కాడికి పోయేసరికి, బడి ఇడిస్తె పిల్లలు ఇండ్లకు పోతున్నరు. నాయిన నిన్ను ఒక్కపాలి గూడ కిందికి దించలే."

యాదవ్వ మొగుని భుజం దిక్కు చూసింది. గండయ్య ముఖం తిప్పుకుని, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు బండి మీద పెట్టాడు.

"చిన్నపిల్ల," అన్నాడు జనార్ధన్‌తో. "ఊకెనే కోతలు కోస్తది."