పసుపు దారం కట్టిన మాత్రలు

వద్దండి, కూర్చోనండి. నిలబడే చెబుతాను. కూర్చోమని మూడుసార్లు అన్నారు, మీ పెద్దమనసు అది. కానీ సార్, వాటిని బల్ల మీద పెట్టుకుని "భయపడకమ్మా రామతులసీ" అంటే, ఎలా భయపడకుండా ఉండమంటారండి?

అవేనండి, ఆ మాత్రల అట్టలు. పసుపు దారం కట్టినవి. చామంతి రేకు కూడా అంటుకుని ఎండిపోయింది, చూడండి. పోతురాజు గారింట్లోంచి మీరే తెచ్చారా? మీరే పడవెక్కి గోదారి మధ్య లంకకి వెళ్ళారా? డైరెక్టరు గారు!

ఒక్క నిమిషం ఆగండి సార్, ఆ గూడ్సు వెళ్ళిపోనివ్వండి. వంతెన మీద రైలెళ్తే మా కొవ్వూరులో కిటికీలన్నీ ఇలాగే గలగలమంటాయి.

ఇంతవరకు మిమ్మల్ని చూడలేదు. మీ సంతకమే చూశాను, నోటీసు బోర్డు మీద, ఆకుపచ్చ సిరాతో. సత్యప్రసాద్ గారంటే విశాఖపట్నంలో పెద్ద ఆఫీసులో ఉంటారని, మాజీ సైనికుల ఆసుపత్రులు ఇలాంటివి పద్నాలుగు ఆయన చేతి కింద ఉన్నాయని చెప్పేవారు. అంతటి మనిషి ఒక ఆయా కోసం వస్తారా? పొద్దున జీపు ఆగగానే మందులిచ్చే మణిశంకర్ గారు లోపలికొచ్చి "తులసమ్మా, నిన్నే అడుగుతున్నారు" అన్నారు. నా చేతిలో ఫినాయిల్ బకెట్ ఉంది. అక్కడే పెట్టేశాను. ఇంకా వరండాలోనే ఉంటుంది, ఎవరూ తన్నుకుని పడకపోతే బాగుణ్ణు.

ఆయ్, చెబుతానండి. మొదటినుంచీ చెప్పమన్నారు కదా.

ఈ ఆసుపత్రి తెరిచిన రోజు నుంచీ ఉన్నాను. నాలుగేళ్ళు. మా ఆయన పేరు నా నోటితో చెప్పను, ఆ ఫైలులో ఉంటుంది, ముందు నాయక్ అని మిలిటరీ ర్యాంకు ఉంటుంది. ఆయన పోయాక ఆయనతో పని చేసిన వాళ్ళే నన్ను ఇక్కడ పెట్టించారు. ఊడుస్తాను, ముసలాళ్ళని పట్టుకుని నడిపిస్తాను, రక్తం తీసేటప్పుడు చెయ్యి పట్టుకుంటాను. మాట్లాడటం నాకు మొదటినుంచీ తక్కువే. ఇవాళ మీ ముందు ఇన్ని మాటలు వస్తున్నాయంటే, భయమే మాట్లాడిస్తోంది సార్.

మందులు పట్టుకెళ్ళమని నాకెవరూ చెప్పలేదు. అది నా సొంత పనే. మణిశంకర్ గారి తప్పేం లేదు, రాసుకోండి. కార్డు తెచ్చిన వాళ్ళకి నెలకి సరిపడా మందులు ఇవ్వడం ఆయన పని. నేను కార్డులు తెచ్చాను, ఆయన ఇచ్చారు.

కార్డులు నా దగ్గరికెలా వచ్చాయంటే... ఇదివరకు వ్యాను తిరిగేదండి. నెలకోసారి లంక ఎదురుగా రేవు దాకా వచ్చేది, డాక్టరు గారు దిగి చూసేవారు. తరవాత ఆ కాగితం వచ్చింది, వ్యాను ఆపేయమని. ఆకుపచ్చ సిరాదే. అయ్యో, మిమ్మల్ని అనట్లేదండి! పద్నాలుగు ఆసుపత్రులు చూసుకునేవాళ్ళకి ఎన్ని ఉంటాయి. ఊరికే జరిగింది చెబుతున్నాను.

వ్యాను ఆగాక లంకలో వాళ్ళు ఏడుగురు రావడం మానేశారు. డెబ్భై దాటినవాళ్ళు సార్. పడవెక్కాలి, గట్టెక్కాలి, బస్సెక్కాలి, ఇక్కడికొస్తే మళ్ళీ లైనులో నిలబడాలి. ఒకాయన గట్టు మీదే కూలబడిపోయాడు. ఆ ఆదివారం నేను వెళ్ళి కార్డులు తెచ్చుకున్నాను. మా ఆయన కాగితాలు దాచిన రేకు డబ్బాలోనే వాటినీ పెట్టాను. నెలలో మొదటి ఆదివారం సంచి పట్టుకుని పడవెక్కేదాన్ని. మూడు గంటలకల్లా తిరిగొచ్చేసేదాన్ని.

అక్కడ నన్ను డాక్టరమ్మ అనేవాళ్ళండి. నవ్వకండి. వద్దని చెప్పేదాన్ని. గట్టిగా మాత్రం చెప్పలేదు.

మందులు ఎలా గుర్తుపట్టేదాన్నంటారా?

ఎప్పటికైనా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారని తెలుసు. ఆదివారం నుంచీ దీని గురించే అనుకుంటున్నాను.

అట్టల మీదదంతా ఇంగ్లీషే కదండి. మణిశంకర్ గారు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పేవారు, ఇది బీపీకి, ఇది షుగరుకి, ఇది తిన్నాక, ఇది తినకముందు అని. నేను అక్కడే గుర్తు పెట్టేసేదాన్ని. బీపీకి ఎర్ర రబ్బరు బ్యాండు, షుగరుకి ఆకుపచ్చది. లంకలో అందరికీ ఆ లెక్క తెలుసు. రెండేళ్ళు ఒక్క పొరపాటు రాలేదు. కావాలంటే ఎవరినైనా అడగండి.

శ్రావణమాసంలో బ్యాండ్లు అయిపోయాయి. మిగిలినవి ఎండకి కరిగి డబ్బాకి అతుక్కుపోయాయి. తెల్లారితే పడవ. ఇంట్లో దారపుండ ఉంది. బీపీ అట్టలకి తెల్లదారం కట్టాను. షుగరు అట్టలకి వేరే రంగు కావాలి కదా, వంటింట్లో పసుపు కనిపించింది. నీళ్ళలో కలిపి దారం ముంచి ఆరేశాను. అంతేనండి. నా బుర్రకి అంతకుమించి ఏమీ తట్టలేదు.

సామ్యేలు గారు, ఆయన ఫిరంగి దళంలో చేశారు, ఆయనకి ఇవ్వగానే నవ్వు. "ఏంటి తులసమ్మా, మాత్రలకి కూడా పెళ్ళి చేసి తెచ్చావా?" అని బ్లేడుతో పుటుక్కున తెంపేసి, నా ముందే ఒకటి మింగేశారు. పడవ దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

పోతురాజు గారింట్లో మరి ఆయన లేరు, చేలోకి వెళ్ళారు. ఆయన భార్య బేబి గారి చేతిలో పెట్టాను. తెల్లది బీపీకి అన్నాను, పసుపుది రెండోదానికి అన్నాను. పడవవాడు కేక వేస్తున్నాడు. వచ్చేశాను.

ఆవిడేమనుకుందో మీకు తెలిసిపోయింది కదండి. శ్రావణమాసం, పసుపు దారం. అమ్మవారి దగ్గర పెట్టి కట్టిన తోరమనుకుంది. తోరాన్ని ఎవరైనా తెంపుతారా సార్? కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. నెల పోయాక తీద్దామనుకుందట. ఈలోగా ఆయన "ఒంట్లో హాయిగా ఉందే, ఆ మాత్రలు వేసుకుంటే నీరసంగా ఉండేది" అన్నాడట. అలాగే ఉంచేసింది. బీపీవి మాత్రం రోజూ వేసింది, పాపం, గడియారం చూసి మరీ వేసింది.

తరవాత గోదారి వచ్చింది. పడవలు ఆగిపోయాయి. ఆ నెల నేను వెళ్ళలేదు. ఆయన కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. నొప్పి తెలియలేదన్నాడట, షుగరు ఉన్నవాళ్ళకి అంతే కదండి. వాసన వచ్చేదాకా చూసుకోలేదు.

నాకు ఎప్పుడు తెలిసిందంటారా?

ఆయన్ని మంచంతో సహా పడవలో తెచ్చారు చూడండి, దీపావళి ముందు, ఆ రోజే. ఆ రోజే తెలిసిందండి.

ఆదివారం రాజమండ్రి వెళ్ళి చూసొచ్చాను, ఆ ప్రైవేటు ఆసుపత్రిలో. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా ఉంది, ఇంకో పక్క పాదం ఉండాల్సిన చోట చదునుగా ఉంది. ఆయన నన్ను చూసి "ఏడవకమ్మా, లడాఖ్ మంచులో దక్కించుకున్న కాలు మన గోదారి ఒండ్రులో పోయింది, సొంతూరే కదా తిన్నది" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకా పైకి తియ్యాలేమో అంటున్నారట కదండి? మీకు చెప్పారా? ప్రాణానికి ఫరవాలేదన్నారా?

అమ్మయ్య. అమ్మయ్య.

మీరు రాశారా? అయిపోయిందా? నేను వెళ్ళొచ్చా?

ఒకసారి చదవండి సార్, తెలుగులో చెప్పండి. నేను సంతకం పెట్టే కాగితం కదా.

...

ఇంకోసారి చెప్పండి. "రోగి భార్య అజ్ఞానం వల్ల మందులు వాడలేదు." ఆయ్. "ఆయాకి హెచ్చరిక చాలును." ఆయ్. "ఇకమీదట ఎవరిచేతా ఇళ్ళకి మందులు పంపరాదు."

చాలా మంచిగా రాశారండి. నన్ను వదిలేశారు. దండం సార్. వెళ్ళొస్తాను.

...

సార్.

లేదండి, ఏమీ మర్చిపోలేదు. ఈ తలుపు గడియ పట్టుకున్నాను గానీ తియ్యబుద్ధి కావడం లేదు.

రోగి భార్య అన్నారు కదా. బేబి గారు. ఆదివారం ఆవిడ నన్ను వరండాలోకి లాక్కెళ్ళి నా రెండు చేతులూ పట్టుకుంది. "తులసమ్మగారూ, గూట్లో పెట్టింది నేనేనని ఆయనకి చెప్పకండి, నా చేతులారా ఆయన కాలు తీశాను, మీ కాళ్ళు పట్టుకుంటాను" అని నిజంగా వంగిపోయింది. నా కాళ్ళకి సార్! నేనేం చేశానంటే, వెనక్కి జరిగాను. అంతే.

ఆ కాగితం రేపు ఆవిడకీ చదివి వినిపిస్తారు కదండి?

అయితే వినండి. ఆ రోజే తెలిసిందన్నాను చూడండి, పడవలో తెచ్చిన రోజు. అది అబద్ధం.

భాద్రపదంలో నేను వెళ్ళానండి, గోదారి రాకముందు. రెండో నెల మందులు ఇచ్చాను. ఆ రోజు వాళ్ళింట్లో మనవరాలికి చెవులు కుట్టారు, పేరంటాళ్ళు నిండుగా ఉన్నారు. బొట్టు లేని మనిషిని, గుమ్మం దగ్గరే సంచి ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను. బేబి గారు ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పీట వేసింది. మా ఆయన పోయాక నాకు పీట వేసిన ఇల్లు అదొక్కటే సార్. "ఈవిడే మా డాక్టరమ్మ గారు, అమ్మవారి దగ్గర పెట్టి తోరం కట్టి మరీ మందులు పంపుతారు, అందుకే ఆయన ఇంత గట్టిగా ఉన్నారు" అని అందరికీ చూపించింది.

తల తిప్పి చూశాను. గూట్లో ఉన్నాయి, పోయిన నెలవి. దారం కట్టు చెదరలేదు. పైన చామంతి పువ్వు.

అప్పుడే తెలిసిందండి.

ఒక్క మాట అంటే సరిపోయేది. "అది తోరం కాదమ్మా, నాకు ఇంగ్లీషు చదవడం రాదు, గుర్తుకి కట్టుకున్నాను" అని. పదిమంది ఆడవాళ్ళు నా మొహంలోకే చూస్తున్నారు. నోరు విప్పలేదు. నా కళ్ళ ముందే ఆ నెలవి కూడా తీసుకుని కళ్ళకద్దుకుని, పాతవాటి మీద పెట్టింది. ఇవిగో, మీ బల్ల మీదవి రెండు నెలలవి. పైవి నా కళ్ళ ముందు పెట్టినవే. నేను పీట మీద కూర్చుని చూశాను. పండూ తాంబూలం ఇస్తే తీసుకున్నాను కూడా.

వచ్చే నెల చెబుదాంలే, ఎవరూ లేనప్పుడు చెబుదాంలే అనుకున్నాను. వచ్చే నెల గోదారి వచ్చింది.

ఇంకోటి కూడా ఉంది, అదీ రాసుకోండి. ఈ పనికి ఎనిమిదో తరగతి ఉండాలన్నారు. నేను అయిదు దాకానే చదివాను. ఎనిమిది అని రాయించారు, సంతకం పెట్టాను. నోరు విప్పితే ఎక్కడ అది బయటపడుతుందోనని నాలుగేళ్ళుగా భయమే సార్. ఆ భయానికి ఆయన కాలు ఇచ్చేశాను.

నన్ను తీసేస్తారని తెలుసు. పోలీసులకిస్తారా? అదొక్కటి ముందే చెప్పండి, మా చెల్లెలికి కబురు పెట్టుకుంటాను.

లంకలో ఇంకా ఆరుగురు ఉన్నారు. ఆదివారం వస్తే సామ్యేలు గారు పొద్దున్నే రేవులో గొడుగు వేసుకుని కూర్చుంటారు. మందులు పంపరాదు అన్న ముక్క కొట్టేయండి సార్. నన్ను కాదు, ఇంకెవర్నయినా పంపండి, చదువుకున్న మనిషిని పంపండి. ఏ గుర్తు పెట్టుకున్నా సరే, నోరు విప్పి చెప్పమనండి. విన్నారో లేదో అడగమనండి. అదొక్కటే నాకు చేతకాలేదు.

ఆ మొదటి ముక్క కూడా కొట్టేయండి. బేబి గారి పేరు తీసేసి నాది పెట్టండి. మళ్ళీ రాయండి, పరవాలేదు, ఉంటాను.

సార్, ఇప్పుడు కూర్చోనా?