రెండు ఇంటిపేర్లు

"ఆ ప్రిన్సిపాల్ హార్లన్ నా పేరు ఎగరగొట్టాడే! ఇన్నేళ్లూ నిన్ను మీ అమ్మ ఇంటిపేరుతోనే పిలిచాడు."

1982, టెక్సస్‌లోని లారెడో. మెక్సికో నుంచి వచ్చిన తండ్రి, హైస్కూల్ ముగించిన కూతురు స్కూలు ముందు ట్రక్కులో కూర్చున్నారు.

"మనకి నాన్న ఇంటిపేరు ముందు, అమ్మది చివర. వీళ్లకేమో చివరిదే లెక్క, నాన్నా."

"రేపు స్టేజి మీదా అంతేగా! నేనెందుకు రావడం?"

"రెండూ చదవకపోతే డిప్లొమా తీసుకోనని చెప్పాను."

"పిచ్చిదానా! నాలుగో క్లాసుతో ఆగిపోయినవాణ్ణి, నాకోసం డిప్లొమా వదులుకుంటావా? ఏమన్నాడు?"

"ఒప్పుకున్నాడు. నీ ఇంటిపేరు ఒలివారెస్ అని పలకడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు పర్లేదు."

"నెమ్మదిగా చదవమను."

"ఎందుకు?"

"నిన్నిక్కడ చదివించాలని, ఊళ్లో ఆ పేరు మీదున్నదంతా అమ్మి వచ్చాను. రెండున్నర ఎకరాలు."