గంట కర్ర పిల్ల చేతికిచ్చిన టీచరమ్మ

పంతొమ్మిది వందల తొంభై రెండో సంవత్సరం జూన్ పదిహేనో తేదీన మా పాఠశాలలో చేరిన ప్రత్యేక ఉపాధ్యాయిని ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారు వచ్చిన నాటికి, ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ప్రభుత్వ బడిలో చోటుండాలన్న నిర్ణయమైతే ఉంది కాని, ఆ చోటు బడిలో ఏ మూలనో ఎవరికీ తెలియదు. ఆఖరికి విరిగిన బల్లలు పడేసే గదిని చూపించి చేతులు దులుపుకున్నారు. టీచరమ్మగారు గోడలకు సున్నం వేయించి, వడ్రంగిని పిలిపించి, ఆ విరిగిన బల్లల కాళ్లే కోయించి పిల్లల ఎత్తుకు తగిన పీటలు చేయించుకున్నారు.

వారి బోధనా పద్ధతి మొదట్లో మా అందరికీ వింతగా తోచేది. కొత్త పిల్ల చేరగానే పాఠం మొదలుపెట్టేవారు కారు. ఆ పిల్ల కూర్చునే చోట, అది నేలైనా సరే, తామే చతికిలబడి ఒక పూటంతా గదిని పరికించేవారు. నల్లబల్ల మీద ఎండ మెరుస్తోందా, ఫ్యాను కిర్రుమంటోందా, కిటికీలోంచి ఎవరైనా తొంగిచూస్తున్నారా అన్నది అక్కడి నుంచి చూస్తేనే తెలుస్తుందనేవారు. చదువు రాదని మేము తీర్మానించిన పిల్లలు కొందరు కేవలం చోటు మార్చగానే చదవసాగారు. పిల్లలు వారికి 'కింద కూర్చునే టీచరమ్మ' అని పేరు పెట్టుకున్నారు. వారి శ్రీవారు ఒకసారి నాతో, "మా ఇంట్లో కుర్చీలన్నీ నాకేనండి. ఆవిడకు నేల చాలు" అని నవ్వారు.

వారి సర్వీసులో ఎన్నో ఘట్టాలున్నా, మా బడి ఇప్పటికీ చెప్పుకునేది గంట సంగతి. ఒక దర్జీగారి కూతురు రెండో తరగతిలో చేరింది. మాటలు తక్కువ, చప్పుళ్లంటే హడల్. వరండాలో వేలాడే కంచుగంట మోగిందంటే చాలు, చెవులు మూసుకుని గేటు దాటి పరుగు తీసేది. ఒకనాడు లారీ డ్రైవరు బ్రేకు వేయబట్టి గండం గడిచింది. అప్పటి మా ప్రధానోపాధ్యాయులు చెడ్డవారు కారు, భయపడ్డారు.

"ఏమ్మా, రేపు ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్తారు? పిల్లను ఇంటికి తీసుకెళ్లమనండి" అన్నారు టీచరమ్మగారితో.

దర్జీగారు మెడలోని టేపు కూడా తీయకుండా దుకాణం నుంచి పరుగున వచ్చారు. "ఇంట్లో ఉంటే గోడవైపు తిరిగి కూర్చుంటుంది సార్. ఇక్కడికొచ్చాకే నన్ను నాన్నా అని పిలిచింది. మళ్లీ ఆ గోడకే అప్పగించమంటారా?"

"నెలాఖరు దాకా ఆగండి సార్, పూచీ నాది" అన్నారు టీచరమ్మగారు.

ముందు పిల్లను గంటకు దూరంగా ఉన్న గదికి మార్చారు. అక్కడా అదే పరుగు. తర్వాత గంట కొట్టే కర్రకు పాతగుడ్డ చుట్టించారు. దానితో చివరి గదులకు గంటే వినబడక బడి అంతా తలకిందులైంది. నా ఎనిమిదో తరగతివారు ఆనాడు విరామమన్నది లేకుండా లెక్కలు చేశారు. వాళ్లలో కొందరు నన్ను ఈనాటికీ క్షమించలేదు. స్టాఫ్ రూమంతా టీచరమ్మగారి మీద విరుచుకుపడింది.

వారు మాత్రం మళ్లీ వెళ్లి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నారు. గంట మోగడానికి చాలా ముందు నుంచే పిల్ల చేతులు చెవుల మీద ఉండటం గమనించారు. "మోతకు కాదు సార్ దాని భయం. గంట ఎప్పుడు మోగుతుందో తెలీకపోవడమే భయం" అంటూ వచ్చి, అటెండరు చేతిలోని కర్ర తీసుకుని ఆ పిల్ల చేతిలో పెట్టారు. మొదటి దెబ్బ కళ్లు మూసుకుని కొట్టింది. రెండోది కళ్లు తెరిచి కొట్టింది. ఆ తర్వాత ఆ పిల్ల గేటు వైపు పరిగెత్తింది లేదు.

రోజూ గంట ఆ పిల్లే కొట్టసాగడంతో మా బడికి కొత్త చిక్కు వచ్చిపడింది. పీరియడు ఒక్క నిమిషం సాగదీసే వీలు లేకుండా పోయింది. ఆ ఏటి వార్షికోత్సవంలో ప్రధానోపాధ్యాయులవారి ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా టంగుమని గంట పడింది. సభ గొల్లుమంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఈ పిల్లను పంపించేద్దామనుకున్నానే నేను!" అని కూర్చున్నారు.

తదనంతర కాలంలో టీచరమ్మగారి గది కార్యాలయం పక్కకు వచ్చింది; మెట్ల పక్కన చక్రాల కుర్చీకి వాలుదారి వచ్చింది; చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు వారి దగ్గర పని నేర్చుకుని వెళ్లారు. ఆ యువ ఉపాధ్యాయులకు వారు చెప్పిన మొదటి పాఠం ఒకటే: "ముందు కింద కూర్చోండి."

దర్జీగారి అమ్మాయి నేడు ఒక ముద్రణాలయంలో బైండింగు పని చేస్తోంది. మీ చేతిలోని ఈ వీడ్కోలు సభ సంచికను మడిచి కుట్టింది ఆమే. ప్రతులు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు నన్ను అడిగింది: "సార్, మీటింగు ఎన్నింటికి అయిపోతుంది?"

"ఆరింటికమ్మా."

"ఆరంటే ఆరే." వక్తలు ఈ మాటను దయచేసి గమనించగలరు.

మాటల మధ్య, టీచరమ్మగారు మొన్న స్టాఫ్ రూములో "రేపటి రోజు ఎలా ఉంటుందో తెలీదు సార్, కాస్త భయంగానే ఉంది" అన్నారని చెప్పాను. ఆ అమ్మాయి చేస్తున్న పని ఆపింది.

"అయితే ఆ రోజు గంట టీచరమ్మనే కొట్టమనండి. కర్ర నేనిస్తా. భయం పోతుంది. పక్కన నేనుంటా."

మేడం, ఇంతమంది పిల్లల భయం పోగొట్టిన మీకు మా బడి యావత్తూ రుణపడి ఉంది. ఆరింటికి ఆ కర్ర మీ చేతికి వస్తుంది. అది మోగిన తరువాత మొదలయ్యే మీ రోజులు సంపూర్ణారోగ్యంతో, కుటుంబసభ్యుల ఆప్యాయతతో నిండు నూరేళ్లు సాగాలనీ, వాటి గంట ఎప్పుడు కొట్టాలో ఇక మీరే నిర్ణయించుకోవాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాం.