రాధారాణక్క పీకేసిన ప్లగ్గు

ఫోను చార్జింగ్‌కి పెట్టావా దేదీప్యా? పెట్టుకో తల్లీ, నేనేం పీకనులే. మా రాధారాణక్కయితేనా, నువ్వటు తిరగ్గానే పీకేసేది. నా తోడికోడలే, మీ తాతయ్యకి వదిన. పోయి పదేళ్ళు కావస్తోంది. మనిషి లేనిచోట కరెంటు వస్తువు నడిస్తే ఆమె మనసు నిలిచేది కాదు. చిన్నప్పుడు వాళ్ళింట్లో వేణ్ణీళ్ళ రాడ్డు బకెట్లో పెట్టి మరిచిపోతే, నీళ్ళిగిరిపోయి, బకెట్ కరిగి, దండెం మీది బట్టలంటుకున్నాయట. ఆ భయం ఆమెతోపాటే విమానమెక్కి ఈ చలిదేశానికి వచ్చింది. వాళ్ళాయన శేషగిరి బావగారికి షామ్‌బర్గ్ ఊరి అవతల కాస్త పొలం ఉండేదిగా, గోంగూర వేసేవారు, అబ్బ, ఆ గోంగూర... సరే అది వేరే కథ. ఆయనకో పాత డీజిల్ ట్రాక్టరు. చలికి ఛస్తే స్టార్టయ్యేది కాదు. ఇంజన్ పక్కన గుండ్రటి మూత ఊడగొట్టి, అక్కడో హీటర్ బిగించి, వైరు ముందుకి వేలాడదీశారు. "రాధా, రాత్రంతా దీని ప్లగ్గు పెట్టే ఉంచాలి. ఒళ్ళు వెచ్చబడితేగానీ లేవదు, నాలాగే" అన్నారు. అక్క ఊరుకుంటుందా? "మీకు కాఫీ చాలు. దీనికి కాపలా ఎవరుంటారు?" అంది.

అదుగో, రెండువేల రెండు జనవరిలో అక్క సిటిజెన్‌షిప్ ప్రమాణం. ఇంటర్వ్యూ ఒకసారి తప్పి, ఏడ్చి, పోపు వేస్తూ ప్రశ్నలు వల్లెవేసి రెండోసారి గట్టెక్కింది పాపం. తోడుంటానని ముందురోజే వెళ్ళా. తెల్లారి చూస్తే దారి నిండా మోకాలెత్తు మంచు, కారు కదల్దు. బావగారు ట్రాక్టర్ తాళం తిప్పితే ఊఁ... ఊఁ... అని మూలిగి ఊరుకుంది. చూస్తే ప్లగ్గు కింద పడుంది. "రాధా!" అన్నారు, అంతే. తిట్టలేదు. "మంట లేస్తుందేమోనని..." అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ ప్లగ్గు పెట్టి, "గంటన్నా ఆగాలి" అన్నారాయన. అక్క పరుగెత్తి వాళ్ళమ్మ కుట్టిచ్చిన బొంత తెచ్చి ఇంజన్‌కి కప్పింది. పట్టుచీర, కాళ్ళకి మంచు బూట్లు, బకెట్ బోర్లించుకుని కూర్చుంది. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు బొంత కింద చెయ్యి పెట్టి చూస్తూనే ఉంది. "వెచ్చబడిందండీ, తిప్పండి!" అని ఒక్క అరుపు. నల్లటి పొగ చిమ్మి లేచిందమ్మా! బావగారు దారంతా మంచు తోసేశారు. కారెక్కేటప్పుడు చూస్తే అక్క కుడిచెయ్యి మణికట్టు దాకా మడ్డి. కడుక్కో అక్కా అంటే "టైమెక్కడిదే, పద" అంది.

ప్రమాణం చేయించే హాలు తలుపులేస్తుండగా దూరాం. కుడిచేతులెత్తమన్నారు. లేచిన చేతుల్లో అదొక్కటే మడ్డి చెయ్యి. పక్కావిడ వింతగా చూసింది. దించేస్తుందేమో అనుకున్నా. ఊహూఁ. ఇంకాస్త పైకెత్తి, ప్రతి మాటా పలికింది...

ఊఁ? ఏమన్నావ్? ఆకలేస్తోందా? ఉండు, చారు వేడిచేస్తా.